కుళాయి సూక్తికి టీకా తాత్పర్యములు

మూలము:
“నీరు కాచి, చల్లార్చి, వడగట్టి త్రాగవలెను. ఇట్లు, కమిషనర్.”

అవతారిక: తొలకరి పడి, కుళాయి నీరు టీ డికాక్షను రంగు దాల్చి, పేటజనము వాంతులు విరేచనములతో పెద్దాసుపత్రి చేరిన పిమ్మట ఆటో మైకునుండి వెలువడు వాక్యమిది. సీమ, కోస్తా, తెలంగాణ అను భేదము లేక అన్ని పట్టణములందును ఇదే పాఠము. “క్లోరిన్ బిళ్ల వేసికొని” అను పాఠాంతరము కొన్నిచోట్ల వినబడును. బిళ్ల మాత్రము కనబడదు.

ప్రతిపదార్థము: నీరు = రోజు విడిచి రోజు గంటసేపు దర్శనమిచ్చునది; కాచి = మీ గ్యాసుపై, తెర్లిన పిదప కనీసము 1 నిమిషము మరిగించి; చల్లార్చి = అందాక దాహమునకు 20 లీటర్ల టిన్ను కొని; వడగట్టి = పాతపంచె నాలుగు మడతలు వేసి (మడ్డినీటిని ముందు వడగట్టి పిదప కాచవలె; ఇది క్రమభంగదోషము); త్రాగవలెను = ఆపై మీ అదృష్టము.

అలంకారము: లేదు. రంగు సహజము.

వ్యాకరణము: కాచువాడు, త్రాగువాడు పౌరుడని తెలియుచున్నది. పాడుచేసిన కర్త మాత్రము లోపించెను. ఈ లోపము బుద్ధిపూర్వకమని మా మతము.

పూర్వపక్షము: “పటిక వేసి మడ్డి దింపితిమి, ఇసుకలో వడపోసితిమి, క్లోరిన్ కలిపితిమి, మా ప్లాంటు నీరు శుద్ధము” అని ఇంజనీరుగారు.

సిద్ధాంతము: ఒప్పుకొంటిమి. దోషము ప్లాంటులో కాదు, దారిలో ఉన్నది. గొట్టము నిండుగా పారునంతసేపు చిల్లునుండి నీరు వెలికే చిమ్మును. సరఫరా కట్టగానే గొట్టము ఖాళీయై, అదే చిల్లుగుండ చుట్టునున్న మురుగును లోనికి పీల్చును. ఇంటి పైపు మురుగుకాలువలో మునిగియుండుట మన వీధులలో వింత కాదు. ఎదురింటివారు కుళాయికే మోటారు బిగించిరా, పీల్పు మరింత. తొలి బిందె పారబోయు అమ్మమ్మల ఆచారమునకు ఇదియే ఉపపత్తి. గంటసేపు నీరిచ్చి తక్కిన వేళంతయు గొట్టము ఎండగట్టినంతకాలము ఎంత పటిక వేసినను ఇంతే.

ప్రమాణము: ఐఎస్ 10500 అను త్రాగునీటి భారతీయ ప్రమాణము, 2012 నాటిది. లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ వాడుకరి కుళాయి వద్ద మిగిలియుండవలె. 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి ఒక్కటియు ఉండరాదు. క్లోరోస్కోపు గొట్టములో ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వేయగా పసుపు తేలిన క్లోరిన్ ఉన్నట్లు. ఆ పసుపు ఊరిచివరి కుళాయి వద్ద తేలవలె. ఓవర్‌హెడ్ ట్యాంకు నీడన నిలిచి చూచుట పరీక్ష కాదు, విహారము.

అవ్యాప్తి దోషము: కాచుటవలన చచ్చునవి క్రిములు మాత్రమే. 2020 డిసెంబరున ఏలూరిలో వందలమంది మూర్ఛలతో పడిపోగా, తొలి అనుమానము కుళాయి నీటిపైకే పోయెను. ఎయిమ్స్ వైద్యులు రోగుల రక్తమున సీసము, నికెల్ కనుగొనిరి; పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమని పిదప ప్రభుత్వము చెప్పెను. అట్టివాటికి పొయ్యి యేమి చేయును? ఫ్లోరైడ్ నీటిని కాచిన మరీ ప్రమాదము: నీరు ఇగురును, ఫ్లోరైడ్ చిక్కబడును. దానిని పటిక, సున్నములతో తేర్చు పద్ధతికి లోకమున నల్గొండ పేరే నిలిచినది.

తాత్పర్యము: ఓ పౌరులారా! గొట్టము మాది. పొయ్యి, కడుపు మీవి.

లుప్తపాఠము: “నేడు చివరి వీధి కుళాయిలో తేలిన క్లోరిన్ ఇంత” అను రెండవ వాక్యము మూలమున ఉండి తీరవలె. ఎన్ని ప్రతులు తిరగవేసినను పరిష్కర్తలకు అది లభింపలేదు.