హద్దు లరసి లెక్క: టీకా తాత్పర్య సహితం

అవతారిక: జిల్లావారీగా జనాభా ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో రంగుల్లో చూపే కోరోప్లెత్ పటాన్ని కంప్యూటరు మీద తయారుచేసే విధానం ఈ పద్యానికి విషయం.

ఆ. హద్దు లరసి లెక్క యతికి సున్నను నడు
మ నిలిపి యొక వంక మంట రంగు
వేరు వంక నీలి వేసిన పటమందు
జనుల పెరుగు తరుగు జాడ తెలియు.

ప్రతిపదార్థం: హద్దులు + అరసి = రెండు జనగణనల నాటి జిల్లా సరిహద్దులు ఒకటేనా అని సరిచూసి; లెక్క + అతికి = జనాభా పట్టికను క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేరులో జిల్లా హద్దులుండే షేప్‌ఫైల్‌కు జాయిన్ చేసి; సున్నను నడుమ నిలిపి = పెరుగుదల, తరుగుదల విడిపోయే చోటును రంగుల మధ్యన ఉంచి; మంట రంగు = పెరిగిన వైపు ఎరుపు; నీలి = తరిగిన వైపు నీలం. తక్కినది సులభం.

తాత్పర్యం: రంగు వేయడం చివరి పని. అంతకు ముందున్న మూడు పనులూ చేయని పటం చూడముచ్చటగా ఉండి అబద్ధం చెబుతుంది.

విశేషాలు: ‘అరసి’ అన్న మాట ముందు రావడం ఛందస్సు కోసం కాదు. 2001లో దేశంలో 593 జిల్లాలుంటే 2011లో 640 ఉన్నాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. పాత హద్దుల అంకెను కొత్త హద్దుల అంకెలోంచి తీసివేస్తే, ఒక్క మనిషి కూడా ఊరు వదలకుండానే సగం జిల్లా ఖాళీ అయినట్టు కనబడుతుంది. పాత అంకెలను మండలాలవారీగా విడదీసి కొత్త జిల్లాల ప్రకారం తిరిగి కూడుకోవడమే దీనికి మందు. మండలమే చీలిన చోట గ్రామాల దాకా దిగక తప్పదు.

‘అతికి’ అన్నచోట ఒక చిక్కు ఉంది. 2011 జనగణనలో జిల్లా కోడ్లు మూడంకెలవి: 001 నుంచి 640 వరకు. ఎక్సెల్ ఎడమవైపు సున్నలను మింగేస్తుంది. పటంలో 007, పట్టికలో 7 ఉంటే రెండూ కలవవు. కాశ్మీరం మొదలు ఢిల్లీ దాకా పటం తెల్లబోతుంది. తెలుగు జిల్లాల కోడ్లు 532తో మొదలవుతాయి కనుక ఈ పీడ ఇటు రాదు. ఎడమవైపు సున్నకు విలువ లేదన్న లోకన్యాయం షేప్‌ఫైల్ దగ్గర చెల్లదు.

ఇక్కడ పూర్వపక్షం: రంగుల తరగతులను సాఫ్ట్‌వేరే కోసి పెడుతుంటే సున్నను ప్రత్యేకంగా నిలపడం దేనికి? సమాధానం: 2001–11 మధ్య అరుణాచల్ ప్రదేశ్‌లోని కురుంగ్ కుమే జిల్లా 111 శాతం పెరిగింది, నాగాలాండ్‌లోని లాంగ్‌లెంగ్ 58 శాతం తగ్గింది. ఈ రెండు కొసల మధ్యను సమానంగా ఐదు ముక్కలు చేస్తే ఒక ముక్క సుమారు –24 నుంచి +10 వరకు వస్తుంది. దాదాపు 3 శాతం పెరిగిన హైదరాబాదు, దాదాపు 3 శాతం తగ్గిన కేరళ పతనంతిట్ట ఒకే రంగులో మునుగుతాయి. జిల్లాలను సమసంఖ్యలో పంచే పద్ధతికి గాని, జెంక్స్ పేరిట ఉన్న సహజ విరామాల పద్ధతికి గాని సున్న అంటే ప్రత్యేక మర్యాద లేదు. అందుచేత తరగతుల హద్దులు చేత్తో టైపు చేయాలి. కొసల్లోని ఒకటి రెండు జిల్లాల కోసం మిగతా దేశాన్ని ఒకే రంగులో ముంచకూడదు.

‘జనుల జాడ’ అన్నది కొంత అతిశయోక్తి. నాగాలాండ్ జనాభా 1991–2001లో 64 శాతానికి పైగా పెరిగి, తరువాతి దశాబ్దంలో కొద్దిగా తగ్గింది. 2001 లెక్కలో అంకెలు ఉబ్బించారన్న అభిప్రాయం బలంగా ఉంది. అక్కడి నీలం జనుల జాడ కాదు, లెక్కల జాడ.

వైశాల్యం సంగతి కవి ఎత్తనేలేదు, ఇది లోపమే. 2011 నాటి ఆదిలాబాదు జిల్లా 16,000 చదరపు కిలోమీటర్లు, జనం 27 లక్షలు. హైదరాబాదు 217 చదరపు కిలోమీటర్లు, జనం 39 లక్షలు. పటం మీద కంటికి ఆనేది ఆదిలాబాదే. జనసంఖ్యకు తగిన గుండ్రాలను పైన పేర్చితే ఈ దోషం కొంత తగ్గుతుంది.

నీలికి బదులు ఆకుపచ్చ అనకపోవడం మాత్రం ఔచిత్యమే. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని చూపు గలవారు మగవారిలో తక్కువేమీ కాదు. తుది మెరుగులకు పటాన్ని ఎస్‌వీజీ ఫైలుగా ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేరులోకి తెచ్చుకుని పేర్లు, సూచిక సర్దుకోవచ్చు. రంగులను మాత్రం అక్కడ ముట్టుకోరాదు, అంకెలు మారినప్పుడు అవి వాటంతట మారవు. నలుపు తెలుపు జిరాక్సు తీస్తే ముదురు ఎరుపు, ముదురు నీలం ఒకే బూడిద రంగవుతాయి కనుక తరుగుదల వైపు అడ్డగీతలు కూడా గీయాలి. ఆ గీతలకు ఆటవెలదిలో చోటు చాలలేదు.