గడపసామి గారి ధర్మపత్ని

మా జేజి, అంటే నాయనమ్మ, పోయిన తొమ్మిదోనాడు మా చిన్నాయన ఫోన్ చేసినాడు. "అబ్బీ, దినాలకు ఫ్లెక్సీ కొట్టిస్తాండాం. పేపర్లకు రాస్తాంటావు కదా, జేజి మీద నాలుగు మాటలు రాసియ్యి."

ఫ్లెక్సీ అంగట్లో మాటలు ముందే తయారుగా ఉన్నాయి: ఆదర్శ గృహిణి, అనురాగమూర్తి, సహనశీలి. ఫొటో మారిస్తే చాలు. 'సహనశీలి' కాడ నాకు దగ్గొచ్చింది.

జేజిది కడప పక్క పల్లె. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన యేడే ఆమెను నందికొట్కూరు దిక్కు మా అబ్బకు, అంటే తాతకు, ఇచ్చి చేసినారు. మూడేండ్లకు రాజధాని హైదరాబాదుకు పోయింది. "మీ కర్నూల్లో రాజధానే నిలవల్యా, నేను నిలిచినా" అని ఆయన్ను యాభై ఏండ్లు దెప్పింది. అబ్బ దగ్గర ఉన్నదల్లా కె.సి. కెనాల్. సుంకేసుల కాడ తుంగభద్ర నీళ్లు పట్టుకొని కడప దాకా పోయే కాలవ అది. "మేం వదిల్తేనే మీకు నీళ్లు" అనేవాడు. "మీరు తాగి పారబోసినవి" అనేది జేజి. రెండు జిల్లాల నీటి పంచాయితీ రోజూ రాత్రి మా వంటింట్లోనే జరిగేది, తెగేది కాదు.

మొగుడు తిన్నాకనే తింటుందని ఇంటికొచ్చినోళ్లంతా మెచ్చుకునేవాళ్లు. అసలు సంగతి సంగటిలో ఉంది. ముద్దలు చేసి అందరికీ పెట్టినాక గిన్నె అడుగున మాడుచెక్క మిగుల్తుంది. దాన్ని గరిటె కాడతో చుట్టూ లేపి, పలక మాదిరి ఊడదీసి, శెనక్కాయల ఊరిబిండి అద్దుకొని, తలుపు వెనక కూర్చొని కండ్లు మూసుకొని కరకరా నమిలేది. నా ఎనిమిదో యేట పట్టుకున్నా. సగం విరిచి నా చేతిలో పెట్టి, "మీ అబ్బకు చెప్పినావంటే వీపు పగుల్తుంది" అన్నది. ఆ పొద్దు నుంచి నేనూ పతివ్రతనే.

మొగుని పేరు మాత్రం నోట రానిచ్చేది కాదు. రేషన్ కార్డులు రాసే ఆయన వాకిట్లో నిలబడి అడిగితే "మా దేవుని గడప సామి పేరే" అన్నది. దేవుని గడప అంటే కడప కాడి ఊరు, అక్కడుండేది వెంకటేశ్వరస్వామి. ఉగాదినాడు ముసల్మాన్లు కూడా, మా బీబీ నాంచారి మొగుడని, వచ్చి మొక్కిపోయే గుడి. తెలియనోడు ఎవడుంటాడని జేజి ధీమా. ఆ వచ్చినాయన సీమకు కొత్త. 'గడపసామి' అని రాసుకొని పోయినాడు.

ఇంక చూడండి. చక్కెర తూచేటోడు "గడపసామీ!" అని కేకేస్తే వెంకటేశ్వర్లనే మా అబ్బ పలకాల. పలక్కపోతే చక్కెర రాదు. దిద్దించమంటే, "చెప్పినామె వచ్చి అసలు పేరు చెప్పాల" అన్నారు. ఆమె చెప్పదు. అబ్బ పోయేదాకా గడపసామిగానే చక్కెర తెచ్చినాడు.

ఫ్లెక్సీ మీద అబ్బ అసలు పేరు పెడదామన్నా. చిన్నాయన ఒప్పుకోలేదు. "ఆమె పక్కన ఆ పేరు రాస్తే లేచి కూర్చుంటుంది, వద్దబ్బీ."

'కీ.శే. గడపసామి గారి ధర్మపత్ని' అని ఆరడుగుల ఫ్లెక్సీ లేచింది. భోజనాల కాడ, జేజి పుట్టినింటి వైపు నుంచి వచ్చిన పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివి, నా చెవి కాడికొచ్చి, "మారుమనువు అయిందని మాకెవురూ చెప్పల్యానే!" అన్నాడు.

ఏం చెప్పాలో తోచక, సంగటి గిన్నె అడుగు చూసొస్తానని లోపలికి జారుకున్నా.