చుక్కల మాస్టారు

కాలనీకొక చుక్కల మాస్టారు తప్పకుండా ఉంటారు. ఇంగ్లీషు చెప్పి చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ, జేబులో ఎర్ర పెన్ను ఇంకా సర్వీసులోనే ఉంది. శుభలేఖ ఇస్తే ముహూర్తం చూడరు. పెళ్లికొడుకు పేరు ముందున్న డాక్టరు దగ్గరే కళ్లజోడు ఆగిపోతుంది.

"డి, ఆర్ రాసి మళ్లీ ఫుల్‌స్టాప్ ఎందుకయ్యా? మాటలో చివరక్షరం ఉందిగా! తోక తెగితేనే చుక్క. ప్రొఫెసర్‌ని ఎఫ్ దగ్గర నరికావనుకో, అప్పుడు పెట్టుకో, ఎవరొద్దన్నారు?"

ఇది ఆయన సొంత పైత్యమేం కాదు. ఫౌలర్ అనే ఇంగ్లీషాయన 1926లో వేసిన వాడుక నిఘంటువులో చెప్పిన పద్ధతే. కాకపోతే, అప్పటికే కార్డులన్నీ అచ్చయిపోయిన పెళ్లికూతురి తండ్రికి ఫౌలర్ ఎందుకు? ఆయన అక్షింతలు వేయించుకుందామని వచ్చారు, అవి ఇలా పడ్డాయి.

మాస్టారి అసలు పగ అమెరికా మీద. అక్కడ మిస్టర్‌కీ చుక్కే, డాక్టర్‌కీ చుక్కే. అంతటితో ఊరుకోరు, వాక్యం చివర కొటేషన్ వస్తే మన చుక్కని కూడా అందులోకే తోసేస్తారు. "మన చెప్పులు పట్టుకెళ్లి పక్కింటి గడప లోపల విడిచినట్టు!" అంటారాయన. కొడుకు కాపురం న్యూజెర్సీలో కాబట్టి ఈ మాట కాస్త నెమ్మదిగా అంటారు.

కోడలు వాట్సాప్‌లో "డబ్బులు అందాయా మావయ్యగారూ?" అని అడిగితే, "ఎస్" అని ఇంగ్లీషులో రాసి పక్కన చుక్క పెట్టారు. ఆవిడ భర్తని లేపింది. "మీ నాన్నగారికి కోపమొచ్చింది, ఫోన్ చెయ్యండి." మనవరాలు తాతయ్యకి రుజువు పంపింది. 2015లో బింగమ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూస్తే, టెక్స్ట్ మెసేజీలో ఒంటి మాట జవాబుకి ఫుల్‌స్టాప్ పెడితే అది మనస్ఫూర్తిగా అన్నట్టు అనిపించలేదట. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఆ తేడా రాలేదట.

మాస్టారు ఆ చివరి వాక్యం కింద ఎర్ర గీత గీయడానికి ప్రింటు తీయించారు. "చూశారా? తప్పు చుక్కది కాదు, ఫోనుది!"

అయినా ఇంటి శాంతి కోసం చుక్క మానేశారు. కానీ ఆ వేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పాసైనవి. వాక్యం అయిందంటే స్పేస్ రెండుసార్లు కొట్టందే ఊరుకోవు. రెండుసార్లు కొడితే ఫోను తనంతట తనే చుక్క పెట్టేస్తుంది.

కోడలు మళ్లీ ఫోన్ చేసింది. "ఇంకా కోపం తగ్గలేదా మావయ్యగారూ?"