చోరగణన

శనివారం సైబరాబాద్ పోలీసులు చెప్పిన కబురు చదివి పేపరు ఇంకా మడత కూడా పెట్టలేదు, మా బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. ‘ప్రియమైన ఖాతాదారులకు, మీ భద్రతే మా ఊపిరి. మీ వ్యక్తిగత వివరాలు ఎవరికీ చెప్పకండి’ అని. 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు ఫరీదాబాద్ వాడొక్కడి దగ్గర దొరికాయని పోలీసులంటుంటే, వీళ్లు నన్ను నోరు జాగ్రత్త అంటున్నారు. మా ఆవిడకే జీతం సరిగ్గా చెప్పని మనిషిని. ఫరీదాబాద్ వాడికెవడికో చెబుతానా?

పోలీసులు చెప్పింది 2023 ఏప్రిల్ 1న కాబట్టి ముందు వేళాకోళమే అనుకున్నాను. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలు, 104 కేటగిరీలు. మార్చిలో 16.8 కోట్ల మంది వివరాలమ్మే ముఠా ఒకటి ఈ పోలీసులకే దొరికింది. కోపంతో లెక్కలు వేయబోయి, మధ్యలో ఆగిపోయాను. ఆ ఫరీదాబాద్ ఘనుడి మీద గౌరవం ముంచుకొచ్చింది.

ఈ దేశంలో అప్పటికి జనాభా లెక్కలు ఆఖరిసారి తీసింది 2011లో. 2021లో తీయాల్సినవి కరోనా అని ఆపారు. కరోనా పోయింది, లెక్కలు మాత్రం అప్పటికీ రాలేదు. పన్నెండేళ్లయినా సర్కారు వల్ల కాని పనిని, పోలీసుల మాటే నిజమైతే, ఒక వెబ్‌సైటు పెట్టుకుని చేసేశాడాయన. అలాంటివాణ్ణి జైల్లో పెడతారా? జనగణన శాఖ తాళాలు చేతిలో పెట్టాలి గానీ!

తెలంగాణ సర్కారు సమగ్ర కుటుంబ సర్వే గుర్తుందిగా? 2014 ఆగస్టు 19. ఆ ఒక్క రోజు కోసం బస్సులాగాయి, దుకాణాలు మూతపడ్డాయి, ముంబై నుంచి, సూరత్ నుంచి మనవాళ్లు రైళ్లలో కిక్కిరిసి వచ్చి ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చున్నారు. ఈ ఫరీదాబాద్ ఆయన మనల్ని ఇంట్లో ఉండమనలేదు. బెల్లు కొట్టలేదు, మంచినీళ్లడగలేదు, మధ్యాహ్నం నిద్ర చెడగొట్టలేదు.

లెక్క సరిగ్గా ఉంటుందా అని మీ అనుమానం. ఉత్తరప్రదేశ్ జనం 2011 లెక్కల్లో 20 కోట్లకు రవ్వంత తక్కువ. ఈయన దగ్గర దొరికినవి 21.39 కోట్లు. ఆ తర్వాత పుట్టినవాళ్లను కూడా మర్చిపోలేదన్నమాట. మన హైదరాబాద్ నుంచి 56 లక్షలు.

కులగణన చేయాలా వద్దా అని అప్పట్లో పార్టీలు గొంతులు చించుకున్నాయి. దేనికండీ శ్రమ? మా అబ్బాయికి వచ్చే పెళ్లిసంబంధాల మెయిళ్లకు మా కులం, శాఖ, గోత్రం దాకా తెలుసు. మావాడికి గోత్రం గుర్తుండదు. పంతులుగారు అడిగినప్పుడల్లా స్పామ్ ఫోల్డర్ తీసి చూసి చెబుతున్నాడు.

ఖర్చంటారా, మార్చిలో దొరికిన ముఠా 50 వేల మంది వివరాలను 2 వేల రూపాయలకే ఇచ్చేదట. తలకు నాలుగు పైసలు. పావలా చెలామణీ కూడా 2011లోనే ఆగింది కాబట్టి, ఇప్పుడు మన ఖరీదు చెల్లించడానికి నాణెం కూడా లేదు. పాన్‌కు ఆధార్‌ను ముడిపెట్టడానికి సర్కారు అప్పట్లో వెయ్యి రూపాయలు అడిగింది, పైగా గడువు 2023 జూన్ 30కి జరిపింది. ఆ వెయ్యి ఈయన చేతిలో పెట్టి చూడండి. పాన్, ఆధార్, కరెంటు మీటరు, కారు ఈఎంఐ, అమ్మాయి నీట్ ర్యాంకు అన్నీ ఒకే దారానికి గుచ్చి, చిల్లర తిరిగిస్తాడు.

ఈయన జనగణన శాఖ ప్రధాన కార్యాలయానికి సైబర్ టవర్స్‌ను మించిన చోటు లేదు. 1998లో వాజ్‌పేయి గారి చేతుల మీదుగా తెరిచిన భవనం. పైగా పేరు, ఫొటో, నంబరు మెడలో వేలాడేసుకుని టీ బండి దగ్గర నిలబడే జనం మాదాపూర్‌లో తప్ప ఇంకెక్కడ దొరుకుతారు? సగం లెక్క రోడ్డు మీదే తేలిపోతుంది.

ఇక ఎన్యూమరేటర్లు. రోజూ మీ ఇన్‌బాక్స్ తలుపు తట్టేది వాళ్లే. దయచేసి స్పామ్ అని కించపరచకండి. మంచి పౌరుడు ఆ మెయిల్ తెరిచి, బొమ్మలన్నీ కనిపించనిస్తాడు. బొమ్మ తెరుచుకోగానే ‘ఈ ఇంట్లో మనిషున్నాడు’ అని అవతల సుద్దముక్కతో గీత పడుతుంది. ఇంకా మంచి పౌరుడు కింద ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కుతాడు. మనమెరిగిన దుకాణం పంపినదైతే దాంతో ఆగుతుంది. ముక్కూమొహం తెలియనివాడిదైతే పింఛనుదారు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌తో సమానం: అయ్యా, బతికే ఉన్నాను. తిడుతూ జవాబు రాసినా అదే ఫలితం.

దేశద్రోహులూ ఉన్నారు. లింకు ముట్టరు, అటాచ్‌మెంట్ తెరవరు. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కి టీ తాగుతారు. పేరు చూసి మురిసిపోకుండా దాని వెనకున్న అడ్రసు అక్షరం అక్షరం చదువుతారు. బ్యాంకు సైటుకు తామే టైపు చేసుకుని వెళతారు. షాపులకో మెయిల్, బ్యాంకుకో మెయిల్ పెట్టుకుంటారు. డబ్బు పోయిన మరుక్షణం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. ఇలాంటివాళ్లుంటే గణన సాగేదెలా?

మా వీధి చివర హాస్టల్లో సూర్యాపేట పిల్లాడొకడున్నాడు. బీటెక్ అయి రెండేళ్లు. పోయిన నెల వాడికి ఆఫర్ లెటర్ మెయిల్ వచ్చింది. పేరు, కాలేజీ, హాల్‌టికెట్ నంబరు అన్నీ రైటు. ల్యాప్‌టాప్ డిపాజిట్ అంటే 18 వేలు కట్టాడు, తండ్రి వడ్లమ్మిన డబ్బు. ఆ రోజు నుంచి ఇంట్లోవాళ్లు, స్నేహితులు, నేను, అందరం వాణ్ణి అడిగింది ఒకటే: నువ్వెందుకు నొక్కావురా?

ఆ హాల్‌టికెట్ నంబరు బయటికెలా వచ్చిందని ఒక్కరం అడగలేదు. వాడు ఇవ్వలేదు. వాడి దగ్గర తీసుకున్నవాళ్లు పారేసుకున్నారు, లేదా అమ్ముకున్నారు. వివరాలు పోతే ఆరు గంటల్లో తమకు చెప్పాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో సంస్థలకు ఉత్తర్వు ఇచ్చింది. ఎవరి వివరాలు పోయాయో ఆ మనిషికి చెప్పాలని అందులో లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దాన్ని కాపాడే చట్టం 2023 ఏప్రిల్ నాటికి ఇంకా ముసాయిదాగానే తిరుగుతుండేది. ఈలోపు జాగ్రత్తంతా ఆ పిల్లాడే పడాలి, సిగ్గూ వాడే పడాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఈశ్వరుణ్ణి అడగడం లేదు. ఇంటివాళ్లనే అడుగుతున్నాను.

అందుకే బ్యాంకుకు జవాబు రాశాను. ‘నేనెవరికీ చెప్పలేదు. మీరెవరికి చెప్పారు?’ పంపిన నిమిషానికే తిరిగొచ్చింది. అడ్రసు అప్పుడు చూశాను: ‘నోరిప్లై’. నోరుందట గానీ, చెవుల్లేవు.