డబ్బా మీద ఏడు వేలు

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నలుగురు చుట్టాలు కలిస్తే సన్నాల రేటు, ప్లాట్ల రేటు మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈమధ్య వాటి నడుమ కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ బదులు బిగించే ఎస్‌ఎస్‌డీ కూడా దూరింది. మిర్యాలగూడలో మా బావకి రైస్ మిల్లు. కోదాడలో మా తమ్ముడికి ఫొటో స్టూడియో. సూర్యాపేటలో నేను బడిపంతులుని. ప్రశ్నపత్రాలు టైపు చేయడం తప్ప కంప్యూటర్‌తో నాకు పనిలేదు కాబట్టి, ఎస్‌ఎస్‌డీల గురించి చదివే తీరిక ముగ్గురిలో నాకే ఉంది. ఆ తీరికే నన్ను ఖాందాన్ మొత్తానికి సలహాదారుణ్ని చేసింది.

తమ్ముడు నన్ను అడగకుండానే సెకనుకి 7000 ఎంబీ వేగమని డబ్బా మీద అచ్చేసిన జెన్ ఫోర్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చాడు. వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు, అందుకే దాని సైజు పేరు 2280. బిగించే స్క్రూ చేతిలోంచి జారిపోతే, పెళ్లిళ్లకి వాడే లైట్లన్నీ వెలిగించి నేల మీద బోర్లా పడుకుని వెతికాం. తీరా చూస్తే వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది జెన్ త్రీ స్లాట్. ఏడు వేలు కాస్తా మూడున్నర వేలకి దిగాయి. తర్వాత కెమెరా కార్డులోంచి పెళ్లి వీడియో కాపీ కొట్టాడు. అది యూహెచ్‌ఎస్-వన్ కార్డు. మామూలు కార్డ్ రీడర్‌లో ఎంత గింజుకున్నా సెకనుకి 104 ఎంబీ దాటదు.

"అన్నా, ఏడు వేలు ఎటు పోయినయ్?" అన్నాడు.

"యాడికీ పోలేదురా, డబ్బా మీదనే ఉన్నయి" అన్నాను.

వేగం కొలిచే సాఫ్ట్‌వేర్‌లో పై వరస ఒకటి, కింది వరస ఒకటి ఉంటాయి. ఫోన్‌లో ఫొటో తీసి అందరూ చూపించేది పై వరసే. పెద్ద ఫైలు ఏకబిగిన చదివితే వచ్చే అంకె అది. విండోస్ లేవడం, లెక్కలు రాసే టాలీ తెరుచుకోవడం వంటి రోజువారీ పనులకి కింది వరస ముఖ్యం. అక్కడ చిన్న చిన్న ముక్కలు తలోచోటి నుంచి ఏరుకురావాలి. ఖరీదైన ఎన్‌వీఎంఈ కూడా చాలావరకు అక్కడికొచ్చేసరికి సెకనుకి వంద ఎంబీ దరిదాపుల్లోనే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీకి ముప్పయ్యో నలభయ్యో వస్తాయి. హార్డ్‌డిస్క్‌కి ఒకటి రావడమే గగనం.

ఇది విని బావ తేల్చేశాడు: "లారీ బస్తాలు ఒక్కసారి దింపుడు వేరు, వందమందికి తలా పావుకిలో జోకిచ్చుడు వేరు. గంతేనా?" గంతే. నేను నెలల తరబడి చదివింది ఆయన జోకే కాంటా దగ్గర నిలబడి చెప్పేశాడు.

ఆయనకీ ఒక ఎస్‌ఎస్‌డీ కావాలి. కానీ మిల్లు కంప్యూటర్‌కి ఎన్‌వీఎంఈ స్లాటే లేదు. కాబట్టి సాటాయే, 550 ఎంబీలే. ధాన్యం కొన్నట్టే బేరం మొదలుపెట్టాడు. "జీబీకి ఎంత పడ్తది? చవకది ఎందుకు చవక?" టీఎల్‌సీ రకం చిప్‌లో ఒక్కో గదిలో మూడు బిట్లు, క్యూఎల్‌సీ రకంలో నాలుగు. నాలుగు కుక్కితే చవకే. కానీ పెద్ద ఫైళ్లు రాస్తుంటే కొంతసేపు పరుగెత్తి, తర్వాత చతికిలపడుతుంది. పెళ్లి వీడియోలకి అది నరకం, మిల్లు లెక్కలకి పట్టింపే లేదు.

"ఎన్నేండ్లు వస్తది?" 500 జీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కి 300 టీబీ రాతకి పూచీ ఇవ్వడం మామూలే. రోజుకి 20 జీబీ రాసినా 41 ఏళ్లు. అప్పటికి బావకి తొంభై దాటుతాయి. వారంటీ కాగితం మాత్రం ఐదేళ్లకే చెల్లిపోతుంది.

బేరం తేలేలోపు 2025 చివర్లో ధరలు ఎక్కాయి. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లు ఊడ్చుకుపోతున్నాయట. అమెరికాలో ఎవడో కంప్యూటర్‌ని కవిత రాయమంటే మిర్యాలగూడలో మా బావకి బిల్లు పెరిగింది. "1991లో 20 ఎంబీ ఎస్‌ఎస్‌డీ వెయ్యి డాలర్లు బావా" అని ఓదార్చాను. అందులో తలంబ్రాల ఘట్టం కూడా పట్టదని తమ్ముడు అందుకున్నాడు.

చివరికి టీఎల్‌సీ సాటా డ్రైవ్ బిగించాం. మీట నొక్కి చేయి తీసేలోపు టాలీ తెరుచుకుంది. బావ మీసం దువ్వాడు. గుమస్తా మొహం మాత్రం మాడిపోయింది. ఇన్నాళ్లూ ఆ తెర లేచేలోపు బయటికెళ్లి టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పి వచ్చేవాడు. నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు:

"సారూ, పాత డిస్కు పారేయలేదు కదా?"