నాటకం తొందరగా ముగించకండి
సంక్రాంతికి నాటకం వేసే కుర్రాళ్లకు తలకిందుల సలహాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంక్రాంతి నాటకానికి చందాలు పోగుచేసే కుర్రాళ్లకు ఏటా పెద్దమనుషుల సలహాలు తప్పవు. రెండు గంటల్లో ముగించండి, ఎవరూ చూడని కొత్త నాటకం వేయండి, లైటింగుకి ఖర్చుపెట్టండి, మధ్యలో చదివింపులు మానిపించండి అంటారు. ఇవన్నీ పరిషత్తు పోటీలకు పనికొచ్చే మాటలు. అక్కడ ముందు వరసలో న్యాయనిర్ణేతలు ఉంటారు, టైము చూస్తారు, మార్కులు వేస్తారు. మీ రామమందిరం ముందు చాపలేసుకుని కూర్చునేవాళ్లు మార్కులు వేయడానికి రారు. అందుకే వాటికి సరిగ్గా ఎదురు చెయ్యమంటాను.

మొదటిది, అందరికీ నోటికొచ్చిన నాటకమే ఎంచుకోండి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోంచి రాయబారం తీసుకోండి, లేదా బలిజేపల్లి వారి హరిశ్చంద్ర. కథ ఎలా ముగుస్తుందో తెలియనివాడు ఊళ్లో ఉండడు. ఆ తెలియడమే మీకు బలం. కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే జనం కథ వదిలేసి గొంతు వింటారు. ఈ ప్రాంతం పీసపాటి నరసింహమూర్తి కృష్ణుణ్ణి చూసిన ప్రాంతం. ఇక్కడి ముసలాళ్ల చెవి మామూలుది కాదు. రాగం ఎక్కడ జారిందో వాళ్లకి తెలుస్తుంది, ఎక్కడ నిలబెట్టావో కూడా తెలుస్తుంది.

కృష్ణుడి వేషం ఒక్కడికే ఇవ్వకండి. ముగ్గురికి ఇవ్వండి. పడక సీనుకి ఒకడు, సభలో రాయబారానికి ఒకడు, కర్ణుడితో మాట్లాడే చోట ఇంకొకడు. పాత్రకి ఏకత్వం పోతుందని చదువుకున్నవాళ్లు అంటారు. పద్యనాటకంలో పెద్ద వేషాన్ని పంచుకోవడం మన పాత పద్ధతే, మకుటం చూసి జనం గుర్తుపడతారు. ముగ్గురు కృష్ణులుంటే మూడు వీధులు నాటకానికొస్తాయి. హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేసుకుంటూ భోగి ముందురోజు దిగే కుర్రాడికి రిహార్సల్స్ కుదరవని చెప్పి వేషం ఎగ్గొట్టకండి. సభలో వికర్ణుడో అశ్వత్థామో ఇవ్వండి. హార్మోనియం మాస్టారికి ఫోనులోనే పద్యం వినిపిస్తాడు. ఊరి నాటకంలో వాడు కనబడ్డమే వాళ్లమ్మకి పండగ.

డబ్బు విషయానికొస్తే, లైట్లు తగ్గించి హార్మోనియం, తబలాల మీద పెట్టండి. జనవరి రాత్రి పదిన్నర దాటిందంటే మంచు ఎలా కురుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తేమకి తబలా మూత సాగుతుంది, శ్రుతి దిగుతుంది. హార్మోనియం దిగదు. అర్ధరాత్రికి రెండూ రెండు దారులు పడతాయి, మధ్యలో పద్యం పాడేవాడు నలిగిపోతాడు. అందుకని టార్పాలిను ఒక్కటే ఉంటే వేషగాళ్ల నెత్తిన కాదు, వాయిద్యాల మీద కట్టండి. తబలా ఆయన పక్కన కుంపటి ఒకటి పెట్టి, సీనుకీ సీనుకీ మధ్య మూత కాచుకోనివ్వండి. కిరీటం మీద మంచు పడితే తుడుచుకోవచ్చు.

స్టేజీ మీద తిరుగుతూ పాడమని ఎవరైనా దర్శకుడు చెబితే వినకండి. మైకు దగ్గరికి వచ్చి, కాళ్లు ఆన్చి నిలబడి పాడండి. వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడండి. హరిశ్చంద్రలో చచ్చిపోయిన లోహితాస్యుడి పక్కన చంద్రమతి అదే పద్యం రెండోసారి ఎత్తుకుంటే రసభంగమని విమర్శకులు రాశారు. కాటిసీనులో రెండోసారి ఇంకా ఎక్కువ ఏడ్చిన ఆడవాళ్లని నేను చూశాను.

వచన నాటకమైతే మాత్రం కత్తెర వేయండి. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు విజయనగరంలో మొదట ఆడిన కన్యాశుల్కాన్ని గురజాడ తర్వాత తిరగరాసి 1909లో బాగా పెంచారు. పూర్తిగా ఆడితే తెల్లారినా తెరపడదు. మన జిల్లాల వాళ్లే, జె.వి. రమణమూర్తి గిరీశంగా, ఆయన అన్న సోమయాజులు రామప్పపంతులుగా, కుదించిన ప్రతితో ఏళ్ల తరబడి ఆడి మెప్పించారు. పద్యాన్ని మాత్రం అలా కోయకండి. ఆలాపన తగ్గిస్తే మిగిలేది పుస్తకంలో ఉన్నదే, అది ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. రెండు గంటల్లోనే తెర దించిన ఓ ఊళ్లో, చాప చుట్టుకుంటూ ఓ ముసలమ్మ అడిగింది: ‘ఏటి బావూ, అప్పుడే అయిపోనాదేటి?’ ఆవిడ రాత్రంతా కూర్చోవడానికే దుప్పటి, తమలపాకుల సంచీ తెచ్చుకుంది.

చదివింపులు ఉంచండి. ఫలానావారి అబ్బాయి నూటపదహార్లు అని మైకులో చదివితే నాటకం చెడదు. ఆ కుర్రాడు ఏడాదంతా ఎక్కడో ఇటుకలు మోసి, ఊరి మైకులో తండ్రి పేరు వినబడాలని ఆ నోటు దాచుకుంటాడు. పద్యం మధ్యలో మాత్రం చదవకండి, సీను దిగాక చదవండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. స్త్రీ వేషాలకి బయటినుంచి పిలిచే కళాకారిణులకి డబ్బు నాటకమయ్యాక కాదు, మొహానికి రంగు వేసుకోకముందే ఇచ్చేయండి. ముందే ఇస్తే సరిగ్గా ఆడరని కోశాధికారి అంటాడు. తెల్లవారుజామున, జనం వెళ్లిపోయాక, చందాలు తక్కువొచ్చాయని చెప్పి సగం చేతిలో పెట్టడం ఎన్ని ఊళ్లలో జరుగుతుందో వాళ్లనే అడగండి. మొదటి బస్సు దాకా చలిలో కూర్చుని మిగతా సగం కోసం ఎదురుచూసే మనిషి మీ ఊరి గురించి ఏమనుకుంటుంది? బట్టలు మార్చుకోవడానికి లోపల గడియ ఉన్న గది ఇవ్వండి, బడి వరండాలో చీర అడ్డం కట్టి సరిపెట్టకండి. వేడన్నం పెట్టండి. నాటకం నడుమ సినిమా పాటకి డాన్సు చెయ్యమని వెనకనుంచి ఎవడైనా కేక వేస్తే, కమిటీలో అందరికంటే పెద్దవాడు లేచి వాణ్ణి కూర్చోబెట్టాలి. ఈ ఒక్క పనీ చేయలేని ఊరు ఆ ఏడు నాటకం మానుకోవడమే మేలు.

వచ్చే ఏటి చందా కూడా ఈ పండగ వెళ్లకముందే అడగండి. డిసెంబరు దాకా ఆగితే సగం ఇళ్లకి తాళాలు కనబడతాయి. ముక్కనుమ పొద్దున, నిద్రకళ్లతో అందరూ ఇంకా ఊళ్లోనే ఉంటారు, కృష్ణుడి పద్యం ఇంకా చెవిలోనే ఉంటుంది. హార్మోనియం మాస్టారి బయానా కూడా అప్పుడే ఇచ్చి, తేదీ రాయించుకోండి.