తూటాలకు లోటు లేదు

2004 సెప్టెంబరులో ‘రెసిడెంట్ ఈవిల్: అపొకలిప్స్’ విడుదలైన వారం విమర్శకుల ఇళ్లలో పండగ. చెడ్డ సినిమా దొరికిన రోజు వాళ్ల కలానికి వచ్చే హుషారు మంచి సినిమా చూసిన రోజున రాదు. మంచిదాన్ని ఎందుకు మంచిదో చెప్పాలి, చెడ్డదాన్ని ఉతికి ఆరేస్తే చాలు. సమీక్షలను లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ సైటు ప్రకారం నూటికి ఇరవై మంది విమర్శకులు కూడా ఆ సినిమాను మెచ్చలేదు. పేరున్న విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగు స్టార్లకు అర స్టారు విదిల్చారు.

ఉతకడం వరకు న్యాయమే. అయితే గేముల నుంచి తీసిన ఏ సినిమా నచ్చకపోయినా విమర్శకులు సంచిలోంచి తీసే అరిగిపోయిన తిట్టు ఒకటుంది: అచ్చం వీడియో గేమ్‌లా ఉంది!

అయ్యా, నిజంగా అలా ఉంటే ఎంత బాగుండేది!

1996లో క్యాప్‌కామ్ కంపెనీ నుంచి షింజీ మికామి దర్శకత్వంలో వచ్చిన తొలి ‘రెసిడెంట్ ఈవిల్’ గేములో ప్రతి తూటాకూ లెక్కుంది. ఆడేవాడు ఎంచుకునే ఇద్దరిలో క్రిస్ మోయగలిగేది ఆరు వస్తువులు, జిల్ అయితే ఎనిమిది. ఇంకో తుపాకీ పెట్టుకుంటే గాయానికి వాడే మూలికకు చోటుండదు. ఆట ఎంతవరకు వచ్చిందో భద్రపరచుకోవాలన్నా టైప్‌రైటర్‌లో ఇంకు రిబ్బన్ పెట్టాలి, ఆ రిబ్బన్లూ పరిమితమే. ఎదురొచ్చిన జాంబీని కాల్చాలా, పక్కనుంచి జారుకోవాలా అని ప్రతి నడవాలోనూ తేల్చుకోవాలి. ఆడేవాడి గుండె అదిరేది జాంబీ పళ్లు చూసి కాదు, ఖాళీ అవుతున్న సంచి చూసి.

ఇక సినిమా. ఇక్కడ కథంతా ఆలిస్‌ది, అంటే ఆ గేముల్లో అసలు లేని మనిషిది. చర్చి గాజు కిటికీ బద్దలుకొట్టుకుని మోటార్‌సైకిల్ మీద లోపలికి ఊడిపడుతుంది. ఆకాశహర్మ్యం గోడ మీద నిలువునా పరుగెత్తి దిగుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు తూటాలు వెదజల్లుతుంది. ఆమెకేమవుతుందోనని మనం భయపడే పనే లేదు. భయపడాల్సింది జాంబీలు. పాపం, వాటి మొహాలు చూస్తే ఆ సంగతి వాటికి తెలిసినట్టే ఉంది.

అలాగని గేమును పట్టించుకోలేదంటే నిర్మాతలకు అన్యాయం చేసినట్టే. జిల్ వాలెంటైన్‌గా వేసిన సియెన్నా గిలరీ దుస్తులు చూడండి. 1999లో వచ్చిన మూడో గేములో జిల్ వేసుకున్నవే, ఆ నీలం రంగే. భక్తంటే అదీ! భయాన్ని జపాన్‌లోనే వదిలేసి బట్టలు మాత్రం జాగ్రత్తగా మడతపెట్టి తెచ్చుకున్నారు.

ఆ మూడో గేములోని నెమెసిస్ పగబట్టి వెంటాడే పిశాచం. తలుపు వేసుకున్నా వదలడు, ఎప్పుడు ఎటునుంచి వస్తాడో తెలియదు. సినిమాలో ఆ మహానుభావుడు ఆలిస్‌తో కుస్తీ పట్టి, తానెవరో గుర్తొచ్చి, పక్షం మార్చి, ఆమె కోసం ప్రాణం వదులుతాడు. ఆఖరి రీలులో మనసు మారే విలన్‌ను తెలుగువాళ్లం బ్లాక్ అండ్ వైట్ రోజుల నుంచీ చూస్తున్నాం. అందుకు మన నిర్మాతలు ఏ జపాన్ కంపెనీకీ హక్కుల డబ్బు కట్టలేదు.

రచయిత పాల్ ఆండర్సన్ ఆ ఏడాది ‘ఏలియన్ వర్సెస్ ప్రిడేటర్’ తీసే పనిలో ఉండి దర్శకుడి కుర్చీ అలెగ్జాండర్ విట్‌కు అప్పగించారు. ‘గ్లాడియేటర్’, ‘బ్లాక్ హాక్ డౌన్’ సినిమాలకు సెకండ్ యూనిట్ నడిపిన పనిమంతుడాయన. ఈ సినిమాను కూడా సెకండ్ యూనిట్టే తీసినట్టుంది. ఫస్ట్ యూనిట్ ఎటు వెళ్లిందో యూనిట్లో ఎవరూ అడిగినట్టు లేరు.

నేరం స్క్రిప్టుది. ‘వీడియో గేమ్‌లా ఉంది’ అనగానే శిక్ష మాత్రం గేముకు పడుతుంది, రాసినవాళ్లు దర్జాగా బయటపడతారు. అన్నట్టు సినిమా ముగింపూ ఇదే. మనుషులను జాంబీలుగా మార్చే టి-వైరస్‌ను తయారుచేసిన అంబ్రెల్లా కంపెనీ ఊరి మీద అణుబాంబు వేసి, నెపం అణువిద్యుత్ కేంద్రం మీదకు నెడుతుంది. అసలు సంగతి చూపించిన వీడియోను బూటకమని కొట్టిపారేస్తారు. ఆ సినిమాలో నమ్మదగ్గ సన్నివేశం అదొక్కటే.

అర స్టారు విదిల్చిన ఎబర్టే 2010లో వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవని రాశారు. గేమర్లు విరుచుకుపడ్డాక, ఆడకుండా ఆ మాట అని ఉండాల్సింది కాదని కొన్ని నెలలకే ఒప్పుకున్నారు. పెద్దమనసు. టి-వైరస్‌కు ఉన్న అంటుకునే గుణం ఆ నిజాయతీకి లేకపోవడమే మన దురదృష్టం.

అభిమానులు తక్కువ తినలేదు. తమ జిల్‌ను ఆలిస్‌కు తోడుమనిషిని చేసినా, నెమెసిస్‌ను త్యాగరాజును చేసినా, దుస్తులు కలిశాయని చప్పట్లు కొట్టారు. విమర్శకులు తిట్టారు కాబట్టి మనదేనని గుండెలకు హత్తుకున్నారు. మధ్యలో నిర్మాతలు నోరు విప్పకుండా డబ్బు లెక్కపెట్టుకున్నారు. సుమారు 4.5 కోట్ల డాలర్లు పెడితే దాదాపు 12.9 కోట్లు వచ్చాయి. 2016 నాటికి సినిమాలు ఆరయ్యాయి, ఆ ఆరింటి మొత్తం వసూళ్లు చివరికి 120 కోట్ల డాలర్లు దాటాయి. తూటాలు ఎంత ధారాళంగా ఖర్చయినా డాలర్ల దగ్గర మాత్రం అంతా లెక్క ప్రకారమే జరిగింది.

విమర్శకులకు ఒకటే మనవి. ఇంకోసారి ఆ తిట్టు వాడబోయే ముందు మికామి గేమును ఒక్క గంట ఆడండి. చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ పడితే అక్కడ పేల్చకూడదని రెండో నడవాకే తెలిసొస్తుంది.